ఛార్జ్ తీసుకోను

గోదావరిఖని,
ఆగస్టు 17, ఆదివారం.

సుహాసినీ,

నిన్న ఉదయం పదకొండున్నరకు మా మూడో సంవత్సరం మెకానికల్ క్లాసు సగటు తొంభై నాలుగుకు చేరింది. అరవై రెండు మంది విద్యార్థులు, నీ సాఫ్ట్‌వేర్‌లో నువ్వు పెట్టిన ఎనిమిది సమస్యలు. ఒక్కటీ మిగల్లేదు.

మీ కంపెనీ పంపిన ఫారం నింపొద్దని, దాంట్లో ప్రతి కాలేజీ 'బాగుంది' అనే రాస్తుందని, దాని బదులు తెలుగులో ఉత్తరం రాయమని నువ్వే అన్నావు. అందుకే ఈ మెయిల్. మొదటి నుంచి చెప్తాను.

జూలైలో మొదటి సమస్య తెరిచినప్పుడు క్లాసంతా తెర వంక చూస్తూ కూర్చుంది. 'ఓపెన్‌కాస్ట్ గని అడుగున వాన నీళ్లు నిలిచాయి. రేపటికల్లా తోడెయ్యాలి. ఎలాంటి పంపు కావాలి?' అంతే ఉంది. ఒక్క అంకె లేదు. కావలసిన వివరాలు తామే సాఫ్ట్‌వేర్‌ను అడగాలని, ఊహించినదాన్ని ఊహ అని రాయాలని, చివర్న వచ్చిన జవాబు నమ్మేలా ఉందో లేదో తామే చూసుకోవాలని వాళ్లకు తోచలేదు. క్లాస్ లీడర్ ఆకాశ్ లేచాడు. "మేడం, గివెన్ డేటా ఇయ్యలే. సాఫ్ట్‌వేర్ ఖరాబైనట్టున్నది" అన్నాడు. ఆ వారం సగటు పందొమ్మిది.

పందొమ్మిది నుంచి తొంభై నాలుగు. మా ప్రిన్సిపల్ ఉపేందర్ సార్ సాయంత్రానికల్లా గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టించారు. అందులో నా ఫొటో కూడా ఉంది. ఉద్యోగంలో చేరిన రోజు ఐడీ కార్డు కోసం తీసింది. నిన్న వాచ్‌మన్ దాన్ని చూసి, నన్ను చూసి, "మీ చెల్లెనా మేడం?" అని అడిగాడు.

శనివారం రెండు గంటలు ఈ క్లాసుకు ఇవ్వడం సార్‌కు మొదట ఇష్టం లేదు. ఆ రెండు గంటలూ తమకు కావాలని ప్లేస్‌మెంట్ కోచింగ్ వాళ్లు ఆయన చుట్టూ తిరుగుతున్నారు. "సెమిస్టర్ ఆఖరుకు చూస్త. మార్కులుంటే క్లాసుంటది, లేకుంటే కోచింగోళ్లకు ఇచ్చేస్త" అన్నారు. మిగతా వారమంతా ఈ పిల్లలు రాసుకుంటారు, బట్టీ పడతారు. ఆలోచించమని అడిగేది ఈ రెండు గంటలే. అవి పోకూడదు. ఇప్పట్లో పోయేలా లేవు.

సాయంత్రం రుత్విక్ అనే విద్యార్థిని చూడటానికి దవాఖానకు వెళ్లాను. కామెర్లు. రెండు వారాలుగా మంచం మీదే ఉన్నాడు. బత్తాయిలు ఇచ్చి వచ్చాను.

ఒక చిన్న సందేహం. నీ సాఫ్ట్‌వేర్ ఫోన్‌లో పని చేస్తుందా?

క్రిస్టినా

*

పుణె,
ఆగస్టు 21.

క్రిస్టినా,

తొంభై నాలుగు! నీ ఉత్తరం మూడుసార్లు చదివి, ఆఫీసులో తెలుగు వచ్చిన ఒకే ఒక్క మనిషికి గట్టిగా చదివి వినిపించాను. ఆ మనిషి మా బాస్ వినీత్, గుంటూరు వాడు. మిగతా పదకొండు కాలేజీల సగటు ఎంతో తెలుసా? నలభై ఒకటి. అది కూడా పెద్ద పెద్ద నగరాల కాలేజీలు.

"మీ ఊరి నీళ్లలో ఏముందండీ?" అని అడిగాడు వినీత్. బొగ్గు ఉందన్నాను.

సెంటినరీ కాలనీ బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నాం మనం. మా నాన్న గనిలో ఆఫీసరు, మీ నాన్న అదే గనిలో కార్మికుడు. లెక్కల్లో నువ్వే నాకంటే ముందుండేదానివి, ఆ సంగతి మా అమ్మ ఇప్పటికీ నాకు గుర్తు చేస్తుంది. ఇప్పుడు నీ క్లాసు కూడా ముందే. ఈ వార్త అమ్మకు చెప్పను.

ఫోన్‌లో పని చెయ్యదు. బొమ్మ గీయాలి కదా, కంప్యూటర్ ఉండాల్సిందే. ఎందుకడిగావు?

సుహాసిని

*

గోదావరిఖని,
ఆగస్టు 31, ఆదివారం.

సుహాసినీ,

ఎందుకడిగానంటే, రుత్విక్‌కు ఆగస్టు 16 నాటి సమస్యలో తొంభై ఆరు వచ్చింది. ఆ రోజు అతను సెలైన్ ఎక్కించుకుంటూ పడుకుని ఉన్నాడు.

పోయిన ఉత్తరం రాసేటప్పటికే ఇది నాకు తెలుసు. రాయలేదు. మరో దారి ఏదైనా ఉంటుందేమోనని నీ జవాబు కోసం ఆగాను. లేదని తేలింది కాబట్టి నిన్న క్లాసులో అడిగాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

"రుత్విక్ దవాఖానలున్నడు. అతని లెక్క ఎవరు చేసిన్రు?"

చివరికి ఆకాశ్ లేచాడు. ఏ మాత్రం తడబడకుండా, "బదిలీ పెట్టినం మేడం" అన్నాడు.

"బదిలీనా?"

"ఆదివారం దాంక రాడని తెలిసింది. ఆయన మస్టర్ పోవద్దు గద! అందుకని నా దోస్తు ఆయన లాగిన్‌ల కూసున్నడు."

ఇక దాచడానికేమీ లేదనుకున్నారేమో, మొత్తం చెప్పేశారు. క్లాసును మూడు షిఫ్టులు చేసుకున్నారు. మొదటి షిఫ్టు సాఫ్ట్‌వేర్‌ను అడగాల్సినవి, అడగకూడనివి అన్నీ అడిగి పనికొచ్చేవి ఏరుతుంది. రెండో షిఫ్టు లెక్క కడుతుంది. మూడో షిఫ్టు అరవై రెండు లాగిన్లలోనూ ఎక్కిస్తుంది. ఎవరూ అనుమానించకుండా ఒక్కొక్కరికి రెండు మూడు మార్కులు తేడా వచ్చేలా చూస్తుంది. నాలుగు వారాలు ఒక్క పొరపాటు లేకుండా నడిపారు. రాని మనిషికి కూడా మస్టర్‌లో హాజరు వేయడమే వాళ్లను పట్టించింది.

"ఇది కాపీ కాదా?" అన్నాను.

"కాపీ ఎట్లయితది మేడం? బాయిల ఒక్కడే బొగ్గు తీస్తడా? ఒక షిఫ్టు డ్రిల్లింగు, ఒక షిఫ్టు బ్లాస్టింగు, ఒక షిఫ్టు ఎత్తుడు. మా డాడీ ఇరవై ఏండ్ల సంది గట్లనే చేస్తుండు. ఆయనది కాపీయా?"

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. ఆ తర్వాత కోప్పడినా ఎవరూ నమ్మలేదు. ఇంటికొచ్చి మా నాన్నకు చెప్తే, "మరి మూడో షిఫ్టోళ్లకు ఓటీ ఇచ్చిన్రా?" అని అడిగాడు.

నవ్వు సంగతి అలా ఉంచు. నిన్ననే ఒక కొత్త సమస్య కాగితం మీద ఇచ్చి ఎవరికి వాళ్లను చెయ్యమన్నాను. సగటు ఇరవై రెండు. నెలన్నరలో మూడు మార్కులు పెరిగారు. అసలు అంకె అది.

సార్‌కు చెప్పాలి. చెప్తే క్లాసు పోవచ్చు. నీ మాట కోసం చూస్తున్నాను.

క్రిస్టినా

*

పుణె,
సెప్టెంబర్ 4.

క్రిస్టినా,

చెప్పకు. సెమిస్టర్ అయ్యేదాకా ఎవరికీ చెప్పకు.

నేనూ ఒకటి దాచాను. మీ విద్యార్థులు ఎప్పుడెప్పుడు సాఫ్ట్‌వేర్ వాడారో నాకిక్కడ గ్రాఫ్‌లో కనిపిస్తుంది. మిగతా కాలేజీలది ఒకే గుట్టలా ఉంటుంది. మీది మూడు గుట్టలు, మధ్యలో ఖాళీ. గని సైరన్ విని అన్నం తిన్న దాన్ని, ఆ మూడు గుట్టలు చూసి ఏమిటో పోల్చుకోలేనా? ఆగస్టు మొదట్లోనే పోల్చుకున్నాను. ఆ లోపే వినీత్ మీ కాలేజీ అంకెను ప్రెజెంటేషన్ మొదటి పేజీలో పెట్టాడు. అది కొత్త కాలేజీలకు వెళ్లింది. రెండు కాలేజీలు ఆ పేజీ చూసే ఒప్పుకున్నాయి. ఇప్పుడది తప్పని నేనెలా చెప్పను?

వచ్చే వారం నుంచి ఒక కంప్యూటర్‌కు ఒకే లాగిన్, ఒక్కొక్కరికి ఒక్కో రకం అంకెలు వచ్చేలా మార్చేస్తాను. షిఫ్టులు వాటంతటవే ఆగిపోతాయి. మార్కులు మెల్లగా దిగుతాయి, ఎవరూ పట్టించుకోరు.

నువ్వు ఆ క్లాసు నిలబెట్టుకోవాలనుకుంటే ఇదే దారి.

సుహాసిని

*

గోదావరిఖని,
సెప్టెంబర్ 8, సోమవారం.

సుహాసినీ,

ఈ ఉదయం పది గంటలకు ఉపేందర్ సార్‌కు చెప్పాను. నీ ఉత్తరం చదివాకే చెప్పాను. కోపం వస్తే రానీ, ముందు ఇది చదువు.

శనివారం నేనొక పని చేశాను. "మీ షిఫ్టులు ఎట్ల నడిపిన్రో నా ముంగట నడిపి చూపెట్టున్రి" అన్నాను. ఒక కొత్త పంపు సమస్య ఇచ్చాను. మొదటి షిఫ్టు ఆకాశ్. రెండో షిఫ్టు సంతోషి. ఆ అమ్మాయి కాసిపేట నుంచి వచ్చి హాస్టల్లో ఉంటుంది, క్లాసులో నోరెత్తదు. గనిలో షిఫ్టు దిగేవాడు ఎక్కేవాడికి ఛార్జ్ అప్పగించినట్టు, ఆకాశ్ తన కాగితం ఆమెకిచ్చి కూర్చోబోయాడు.

"ముప్పై మీటర్లని ఎవలు చెప్పిన్రు నీకు?" అన్నది సంతోషి.

"సాఫ్ట్‌వేరే చెప్పింది."

"అది గని లోతు. పైపు నిట్టనిలువుగ పోతదా? ఏటవాలు పోతది. పైపు పొడుగు అడిగినవా?"

"అడగలే. నా షిఫ్టు అయిపోయింది."

"అయిపోతే నాకేంది? నేను ఛార్జ్ తీసుకోను."

"ఏయ్, తీసుకోవాలె. ఎప్పుడు తీసుకుంటవు గద!"

"ఎప్పుడు తీసుకున్న? పోయినసారి నిన్ను రెండుసార్లు తిప్పి పంపలేదా? నీళ్లల్ల బురద ఉంటదా ఉండదా అని అడిగితే నువ్వే మొఖం మాడ్చుకొని పోయినవు."

అక్కడ నేను కూర్చుండిపోయాను. ఏం అడిగావు, ఏం అడగలేదు, ఏది ఊహ, ఆ ఊహను నేనెందుకు నమ్మాలి. నువ్వూ నేనూ రెండు నెలలుగా నేర్పాలనుకున్నది ఇదే. అది షిఫ్టు మారే చోట వాళ్లంతట వాళ్లే చేస్తున్నారు. నీ సాఫ్ట్‌వేర్ దాన్ని చూడదు, అది చివరి జవాబుకే మార్కులు వేస్తోంది. నువ్వు షిఫ్టులు ఆపేస్తే పోయేది కాపీ ఒక్కటే కాదు. ఇది కూడా పోతుంది.

కాబట్టి ఆపకు. షిఫ్టు మారడాన్నే పాఠం చెయ్యి. ముగ్గురొక జట్టు. మొదటి మనిషి అడుగుతాడు, రెండో మనిషి లెక్క కడతాడు, మూడో మనిషి జవాబు నిలుస్తుందో లేదో చూస్తాడు. ప్రతి వారం స్థానాలు మారాలి. దిగిపోయేవాడు తనకు తెలిసింది, తెలియనిది, ఊహించింది రాసి పేరు పెట్టి ఛార్జ్ ఇవ్వాలి. ఎక్కేవాడికి అది తిప్పి పంపే హక్కు ఉండాలి.

ఇక సార్ సంగతి. మొత్తం విని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అంటే ఆ పోరడు దవాఖానలుండి ఫస్టొచ్చిండు."

"ఫస్టు రాలేదు సార్. నాలుగో స్థానం."

"అదొక్కటే తక్కువ! ఆ ఫ్లెక్సీ ముంగట నిలబడి ఎంతమందితో ఫొటో దిగిననో తెలుసా మీకు? ఎమ్మార్వోతోని గూడ దిగిన."

తర్వాత శాంతించి షరతు పెట్టారు. నవంబర్ 15న కొత్త సమస్య, ఆయన కళ్ల ముందు. మిగతా కాలేజీల సగటు నలభై ఒకటి. అంతకు తగ్గితే క్లాసు కోచింగ్ వాళ్లకు. నేను ఒప్పుకున్నాను.

నీ ప్రెజెంటేషన్ నీ పని. దాని మీద నేనేమీ అనను.

క్రిస్టినా

*

పుణె,
సెప్టెంబర్ 28.

క్రిస్టినా,

నీ మీద కోపం నాలుగు రోజులుంది. ఐదో రోజు వినీత్ గదికి వెళ్లి చెప్పేశాను.

"మీ కాలేజీలో బదిలీ పెట్టారంటున్నారు. బదిలీ అంటే ట్రాన్స్‌ఫర్ కదండీ? ఆ కుర్రాణ్ని ఎక్కడికి ట్రాన్స్‌ఫర్ చేశారు?"

రాని మనిషి స్థానంలో ఆ పూటకు పనిలోకి దిగేవాణ్ని మా దగ్గర బదిలీ అంటారని, అలా చేరి పర్మినెంట్ అయిన వాళ్లు వేలమంది ఉన్నారని చెప్పేసరికి అతని టీ చల్లారిపోయింది. తర్వాత ఆ పేజీ తీసేసి, చూసిన కాలేజీలన్నిటికీ తనే రాశాడు. ఒప్పుకున్న రెండింటిలో ఒకటి తప్పుకుంది. రెండోది, 'తప్పు మీరే చెప్పారు కాబట్టి ఉంటాం' అని జవాబిచ్చింది. ఇంత తేలిగ్గా పోతుందనుకుంటే ఆగస్టులోనే చెప్పేదాన్ని.

నువ్వడిగినది తయారైంది. 'ఛార్జ్ ఇస్తున్నాను' ఒక బటన్. 'తీసుకుంటున్నాను', 'తిప్పి పంపుతున్నాను' ఇంకో రెండు. కారణం రాయకుండా తిప్పి పంపడానికి వీల్లేదు. కఠినమైన నియమం ఒక్కటే పెట్టాను. ఛార్జ్‌లో 'ఇది తెలియదు' అని రాసి ఉన్నదాన్ని కనుక్కోకుండా వాడేస్తే, దాన్ని మూడో మనిషి కూడా పోనిస్తే, ఆ జట్టుకు సున్నా.

మా నాన్న చూసి, "తిప్పి పంపే బటన్ ఎర్రగా పెట్టు, మా రోజుల్లో అదుంటే బాగుండేది" అన్నారు. ఎర్రగా పెట్టాను.

ఎలా ఉందో రాయి. ఈసారి అన్నీ రాయి.

సుహాసిని

*

గోదావరిఖని,
అక్టోబర్ 26, ఆదివారం.

సుహాసినీ,

అన్నీ రాస్తున్నాను. దసరా సెలవుల తర్వాత మొదటి శనివారం సగటు పద్నాలుగు. ల్యాబ్‌లో గొడవ ఎంతగా ఉందంటే పక్క క్లాసు లెక్చరర్ వచ్చి తలుపు వేసి పోయాడు. ఎర్ర బటన్ దొరికేసరికి అందరూ దాన్నే నొక్కారు. ఒకడు కారణం దగ్గర 'వీని మొఖం నచ్చలే' అని రాశాడు. రెండో వారం ఇరవై తొమ్మిది. నిన్న ముప్పై ఏడు.

రుత్విక్ కోలుకుని వచ్చాడు. అతని ఛార్జ్‌ను నిన్న సంతోషి మూడుసార్లు తిప్పి పంపింది. "దవాఖానల ఉన్నప్పుడే నయముండె మేడం, తొంభై ఆరొచ్చింది" అన్నాడు.

"ఇంకోసారి పసుపు పచ్చగయ్యి రా, వేస్తం" అన్నది సంతోషి. నోరెత్తని అమ్మాయి అని రాశాను కదా. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మార్పు ఎక్కడుందో చెప్తాను. ఆకాశ్ ఇప్పుడు 'గివెన్ డేటా ఏది' అని అడగడం లేదు. నిన్న అతని ఛార్జ్‌లో మొదటి వాక్యం ఇది: 'ఈ మూడు నాకు తెల్వదు, నువ్వు అడుగకుండ ముట్టకు.'

ఒక చిక్కుంది. అరవై రెండును మూడుతో భాగిస్తే ఒక కుర్చీ ఖాళీగా మిగులుతోంది. ఇన్నాళ్లూ అందులో నేనే కూర్చుంటున్నాను. పరీక్ష రోజు నేను కూర్చోకూడదన్నారు సార్. "నేను కూసుంట. నేను గూడ మెకానికలే గద!" అన్నారు.

క్రిస్టినా

*

పుణె,
అక్టోబర్ 30.

క్రిస్టినా,

ముప్పై ఏడు నాకు తొంభై నాలుగు కంటే ఎక్కువ అనిపిస్తోంది. ఈ మాట వినీత్‌తో అంటే, "మీ సార్ అలా అనుకోరు కదండీ" అన్నాడు. నిజమే.

ఫలితం ఏదైనా ఆ రోజే రాయి.

సుహాసిని

*

గోదావరిఖని,
నవంబర్ 15, శనివారం.

సుహాసినీ,

ఈ మధ్యాహ్నం పన్నెండున్నరకు ఫలితం వచ్చింది. ముప్పై తొమ్మిదిన్నర. షరతుకు ఒకటిన్నర మార్కు తక్కువ.

ఎలా తగ్గిందో చెప్తాను. ఇరవై ఒక్క జట్లు. అందులో ఇరవై జట్ల సగటు నలభై ఒకటిన్నర. ఇరవై ఒకటో జట్టుకు సున్నా. ఆ జట్టులో మొదట ఆకాశ్, రెండో స్థానంలో ఉపేందర్ సార్, మూడో స్థానంలో సంతోషి.

సమస్య: గని నుంచి బొగ్గు పైకి తెచ్చే బెల్టుకు ఎంత మోటారు కావాలి? ఆకాశ్ అడగాల్సినవి అడిగాడు. ఒకటి మిగిలింది. ఛార్జ్‌లో స్పష్టంగా రాశాడు: 'బొగ్గు పన్నెండు వేల టన్నులు. రోజుకా, గంటకా తెల్వదు. అడగాలె.' సార్ అది చదవలేదు. గంటకే అనుకుని లెక్క కట్టారు. లెక్కలో తప్పు లేదు. చకచకా కట్టి సంతోషికి ఛార్జ్ ఇచ్చారు. ఆ లెక్క ప్రకారం ఒక్క బెల్టు నడపాలంటే మా కాలేజీకి, పక్కనున్న కాలనీకి కలిపి సరిపోయేంత కరెంటు కావాలి.

నేను సంతోషి వెనకే నిలబడి ఉన్నాను. ఆమెకు కనిపించింది. బాణం గుర్తు ఎర్ర బటన్ మీదికి పోయింది. అక్కడే ఆగింది. వెనక్కి వచ్చి 'తీసుకుంటున్నాను' నొక్కింది.

తెర మీద సున్నా పడ్డాక సార్ కుర్చీ తిప్పి కూర్చున్నారు.

"నీకు కనవడలేదా బిడ్డా?"

"కనవడ్డది సార్."

"మరి?"

"మీరు ఇచ్చిన ఛార్జ్ ఎట్ల తిప్పి పంపుత సార్?"

ఆకాశ్ ఉండబట్టలేక, "నాదైతే మూడుసార్లు తిప్పి పంపుతది సార్!" అన్నాడు. అందరికంటే ముందు నవ్వింది సారే.

నవ్వు ఆగాక కళ్లజోడు తీసి తుడిచారు. "నేను సదువలే, అది నా తప్పు. నువ్వు చూసి గూడ తీసుకున్నవు, అది నీ తప్పు. పెద్దోడు ఇచ్చిండని తీసుకుంటే బెల్టు నడుస్తదా? రేపు నువ్వు డ్యూటీల చేరినంక నీ మీద మేనేజరుంటడు, ఆ పైన జీఎం ఉంటడు. అప్పుడు గూడ గిట్లనే చేస్తవా?"

"చెయ్య సార్."

"ఎట్ల నమ్మాలె?"

సార్ నా వైపు తిరిగారు. షరతు ప్రకారం క్లాసు పోయిందని నేనే చెప్పాను. అంకె అంకే కదా.

"ఆ ఒకటిన్నర మార్కు నావల్ల పోయింది మేడం. క్లాసు తీసేస్తే ఈ పిల్లలు ఊకుంటరా? కోచింగోళ్లకు ఫోన్ చేసి చెప్త, ఈ రెండు గంటలు ఖాళీ లేవని. గానీ ఒక మాట. ఈ అమ్మాయి నా ఛార్జ్ తిప్పి పంపేదాంక నేను ఆ కుర్చీల నుంచి లేవ."

వచ్చే సెమిస్టర్‌కు క్లాసు ఉంది. రాతపూర్వకంగా సాయంత్రం నాలుగింటికి ఇచ్చారు.

నువ్వూ వినీత్ శుక్రవారం రామగుండం స్టేషన్‌లో దిగుతున్నారని నీ మెసేజ్ చూశాను. భోజనం మా ఇంట్లో. వినీత్‌ను ఓటీ గురించి మా నాన్న అడుగుతాడు, సిద్ధంగా ఉండమను.

శనివారం, నవంబర్ 22, ఉదయం పదిన్నరకు క్లాసు మొదలవుతుంది. మొదటి స్థానం రుత్విక్, రెండోది ఉపేందర్ సార్, మూడోది సంతోషి. పదకొండుంబావుకు సార్ ఛార్జ్ ఇస్తారు. అందులో ఒక తప్పు కావాలనే పెడతానని నాకు మాత్రమే చెప్పారు.

క్రిస్టినా